నవ్వువారు, నవ్వనివారు: బ్రిటిష్ టెలివిజన్‌లో అధివాస్తవిక హాస్యము

కరుణరసము ప్రేక్షకులను ఏకము చేయును. హాస్యరసము వారిని విడదీయును. విషాదనాటకము ముగియు వేళ కన్నీరు పెట్టనివాడు సైతము పెట్టినవానిని చూచి ఆశ్చర్యపడడు. దుఃఖకారణ మేమో ఇరువురకును తెలిసియే యుండును. హాస్యము సంగతి అట్లు కాదు. ఒకడు పొట్ట చెక్కలగునట్లు నవ్వుచుండగా, ప్రక్కనున్నవాడు వానివంకను రంగస్థలమువంకను మార్చి మార్చి చూచి, ఇందులో నవ్వవలసిన దేమున్నదని అడుగును. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనినవాడు ఓడిపోవుట తథ్యము. ఏలయన వివరింపబడిన హాస్యము హాస్యము కాకుండ పోవును. హాస్యమునకు సహజమైన ఈ భేదకగుణము, ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున బ్రిటిష్ టెలివిజన్‌లో వర్ధిల్లిన అధివాస్తవిక హాస్యమున పరాకాష్ఠ నందినది. దానిని మెచ్చువారు ప్రాణప్రదముగ మెచ్చుదురు. మెచ్చనివారు పిచ్చివారి ప్రలాపముగ త్రోసిపుచ్చుదురు. నడుమ నిలిచి, ఫరవాలేదని ఊరకుండువారు అరుదు.

1969 అక్టోబరు 5వ తేదీ, ఆదివారము రాత్రి బాగుగ ప్రొద్దుపోయిన పిమ్మట, బి.బి.సి. మొదటి ప్రసారశ్రేణిలో 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' అను కార్యక్రమము మొదలైనది. జాన్ క్లీజ్, గ్రహామ్ చాప్‌మన్, ఎరిక్ ఐడిల్, టెర్రీ జోన్స్, మైకేల్ పేలిన్, టెర్రీ గిలియమ్ అను ఆరుగురు దాని కర్తలు. 1974 డిసెంబరు వరకు నాలుగు విడతలుగా 45 భాగములు ప్రసారమయ్యెను. నల్లకోటు తొడిగి గొడుగు పట్టిన ప్రభుత్వోద్యోగి ఒకడు కాళ్లను వింత వింతగ విసరుచు కార్యాలయమునకు పోవును. అట్టి వెర్రినడకలను పెంపొందించుటకై ప్రభుత్వము ఒక మంత్రిత్వశాఖను నెలకొల్పియుండును. చచ్చిన చిలుకను అంగడికి తిరిగి తెచ్చిన కొనుగోలుదారుతో, అది చావలేదు, విశ్రమించుచున్నదని వర్తకుడు వాదించును. దృశ్యమునకు దృశ్యమునకు నడుమ, పాత చిత్రపటములనుండి కత్తిరించిన బొమ్మలు కదలాడును. బ్రాంజీనో చిత్రించిన ప్రసిద్ధ చిత్రములోని మన్మథుని పాదము ఆకాశమునుండి దిగివచ్చి సమస్తమును అణగద్రొక్కును. ఇది చూచి కొందరు తమ జీవితమున ఇంతగ ఎన్నడును నవ్వలేదనిరి. కొందరు పెట్టె కట్టివేసి నిద్రకు పోయిరి.

ఈ భేదము ఆకస్మికమా, లేక ఆ కళానిర్మాణములోనే దాగియున్నదా అనునది విమర్శకుడు తేల్చవలసిన విషయము. మెచ్చనివారు మందమతులని అభిమానులును, మెచ్చువారు నటించుచున్నారని విరోధులును అనుచుండుట పరిపాటి. ఈ రెండు మాటలును తొందరపాటు మాటలే. రెండింటికిని మూలమైన అపోహ ఒక్కటియే: హాస్యము వస్తువులో నున్నదని తలచుట. నిజమునకు హాస్యము వస్తువునకును చూచువాని యెదుటనున్న అలవాటునకును నడుమ పుట్టును.

భరతముని నాట్యశాస్త్రపు ఆరవ అధ్యాయమున హాస్యరసమునకు విభావములను చెప్పుచు, వికృతమైన వేషమును, విపరీతమైన అలంకారమును, అసంబద్ధమైన పలుకును పేర్కొనెను. ఇచట గుర్తింపవలసిన దొకటి గలదు. వికృతి యన్నచో అంతకుముందే ఒక ప్రకృతి యుండవలెను. హారమును నడుమునకు కట్టుకొన్నవానిని చూచి నవ్వవలెనన్నచో, హారము మెడకు చెందినదని చూచువానికి తెలిసియుండవలెను. ఆ సంగతి తెలియనివానికి అది మరియొక అలంకారము మాత్రమే. హాస్యమునందు సహృదయుడు కావలెనన్నచో హృదయము చాలదు, పరిచయము కూడ కావలెను. కరుణమునకును హాస్యమునకును గల భేదము ఇచ్చటనే యున్నది. బిడ్డను కోల్పోయిన తల్లి దుఃఖమును తెలిసికొనుటకు ఆమె దేశాచారములు తెలియనక్కరలేదు. ఆమె పొరుగింటివాడు ఎందుకు హాస్యాస్పదుడో తెలిసికొనుటకు తెలియవలెను.

సామాన్య హాస్యము మనుష్యుని వికృతిని చూపును: లోభిని, భీరువును, డాంబికుని. వీరి ప్రకృతి ఎల్లరకును తెలిసినదే గనుక నవ్వు సులభముగ వచ్చును. బ్రిటిష్ అధివాస్తవిక హాస్యము మరొక అడుగు వేసినది. అది మనుష్యుని మాత్రమే గాక, మనుష్యుని చూపు చట్రమునే వికృతము చేసినది. బి.బి.సి. వార్తాప్రకటనకర్త బల్లముందు హుందాగ కూర్చుండును. కాని ఆ బల్ల పొలములోనో, సముద్రతీరముననో ఉండును. కార్యక్రమము మొదలైన కొంతసేపటికే ముగింపు నామావళి వచ్చును. హాస్యఖండమునకు చివర ఒక చమత్కారోక్తి వచ్చి దానిని ముడివేయవలెనని రంగస్థలమున చిరకాలముగ సంప్రదాయము. ఇందులో ఆ ముడి పడదు; దానికి మారుగ సైనికాధికారి ఒకడు దృశ్యములోనికి నడచివచ్చి, ఇది మితిమీరిన వెర్రి, ఇంతటితో ఆపుడని ఆజ్ఞాపించును. ఇచట వికృతమైనది టెలివిజన్ యొక్క వ్యాకరణము. ఆ వ్యాకరణము రక్తమున జీర్ణించినవానికి ఇది పరమహాస్యము. సాయంకాలము ఒక కథ చూచి, చివర మనసార నవ్వి, నిద్రించుటకై కూర్చున్నవానికి ఇది వాగ్దానభంగము. అతడు కోపగించుటలో అన్యాయమేమియు లేదు. ఈయవలసిన దేదో తనకు ఈయబడలేదని అతడు సరిగనే గ్రహించినాడు.

ఈ పద్ధతి ఒక్కనాట పుట్టలేదు. దాని మూలపురుషులలో ప్రధానుడగు స్పైక్ మిల్లిగన్ 1918 ఏప్రిల్ 16న మహారాష్ట్రలోని అహమ్మద్‌నగరమున జన్మించెను. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యమున ఉద్యోగి. బాల్యము పూనాలోను, రంగూనులోను గడచినది. రెండవ ప్రపంచయుద్ధమున ఫిరంగిదళమున చేరి ఉత్తర ఆఫ్రికాలోను, ఇటలీలోను పోరాడెను. 1944లో ఇటలీ రణరంగమున గాయపడి, మనస్సు చెదరి, యుద్ధము వీడెను. ఆజ్ఞలకు ఆజ్ఞలే కారణమై, ఎవరును అర్థమడుగని ఒక లోకమును అతడు తుపాకిగుండ్ల నడుమ చూచినాడు. 1951లో పీటర్ సెల్లర్స్, హ్యారీ సీకోంబ్, మైకేల్ బెంటీన్‌లతో కలసి అతడు మొదలుపెట్టిన రేడియో కార్యక్రమము 'ది గూన్ షో' అను పేర 1960 వరకు సాగెను. దానిలో పలుమారు కనిపించు పిరికి మేజరు, కుతంత్రపు పెద్దమనిషి, అమాయకపు మూఢుడు, వీరందరును అస్తమించుచున్న సామ్రాజ్యపు నీడలే. సామ్రాజ్యపు సైనికనివాసమున పెరిగిన బాలుడు ఆ సామ్రాజ్యపు గాంభీర్యమును అర్థరహితముగ వినిపించుట గమనింపదగినది.

రేడియోలో అసంభవమునకు అడ్డులేదు. గోడ నడచినదని వినిపించినచో శ్రోత తన మనస్సున గోడను నడిపించుకొనును. ఎవని గోడ వానిది. ఎవని నవ్వు వానిది. టెలివిజన్‌కు ఈ స్వాతంత్ర్యము లేదు. అది అసంభవమును కంటియెదుట నిలువబెట్టవలెను. నిలువబెట్టిన పిమ్మట అది అట్టముక్కలతో చేసిన గోడయని ప్రేక్షకునకు తెలియును. గూన్ ప్రదర్శనము విని నవ్వినవారిలో కొందరు తరువాతి టెలివిజన్ ప్రయోగములను చూచి నవ్వలేకపోవుటకు ఇది యొక హేతువు. మిల్లిగన్ 1969 మార్చిలో 'క్యూ 5' అను టెలివిజన్ కార్యక్రమమున ఖండములను ముగింపు లేకుండ వదలివేసి, ఈ లోపమునే గుణముగ మార్చెను: అట్ట అట్టగనే కనబడనిచ్చెను. దానిని చూచి, తాము చేయదలచిన పని మిల్లిగన్ ముందే చేసినాడని పైథాన్ బృందమువారు విస్తుపోయిరి. ఆ ఋణమును తరువాత బహిరంగముగ ఒప్పుకొనిరి.

'అధివాస్తవిక' మను విశేషణము ఈ హాస్యమునకు ఎంతవరకు తగునో కూడ విచారింపవలెను. ఆంద్రే బ్రెతాన్ 1924లో పారిస్‌నుండి ప్రకటించిన అధివాస్తవికతకు స్వప్నము, అచేతనము ఆధారములు. తర్కమునుండి విముక్తి దాని ధ్యేయము. ఇంగ్లీషువారి అసంగతసాహిత్యము అంతకన్న పాతది, స్వభావమున వేరైనది. ఎడ్వర్డ్ లియర్ 1846లో తన అసంగతపద్యముల గ్రంథమును వెలువరించెను. లూయీ కెరాల్ 1865లో ఆలిస్ కథను వ్రాసెను. కెరాల్ ఆక్స్‌ఫర్డున గణితాధ్యాపకుడు. అతని లోకమున తర్కము లేకపోలేదు. తర్కము అతిగ నున్నది. ఒక అసంభవమును ఒకమారు అంగీకరించిన తరువాత అన్నియు కఠినమైన క్రమమున జరుగును. పైథాన్ ఖండములలో శ్రేష్ఠమైన వన్నియు ఈ శాఖకు చెందినవే. రుసుము పుచ్చుకొని వాదము పెట్టుకొను కార్యాలయమున, వాదమనగా నేమి, ఖండనమనగా నేమి అను విచారణ నిజమైన నైయాయికులకు తగినంత సూక్ష్మముగ సాగును. జున్ను అమ్ము దుకాణమున జున్ను లేకుండుట ఒక్కటే అసంభవము. తక్కిన సంభాషణమంతయు అతి మర్యాదగ, అతి క్రమముగ నడచును. కావున ఇది కేవలము పిచ్చియను ఆక్షేపణ నిలువదు. పిచ్చివానికి ఇంతటి నియమబద్ధత సాధ్యము కాదు.

ఈ నియమబద్ధతకు న్యాయస్థానమునుండియే ఒక సాక్ష్యము లభించినది. 1974లో డాలస్ నగరపు ప్రజాటెలివిజన్ కేంద్రము ఈ భాగములను యథాతథముగ ప్రసారము చేయగా అమెరికాలో వీనికి ఆదరము ఏర్పడెను. 1975లో ఎ.బి.సి. అను వాణిజ్యసంస్థ మూడు భాగములను తొంబది నిమిషముల కార్యక్రమముగ కూర్చి, ప్రకటనలకు చోటు చేయుటకును, అసభ్యమని తోచిన వానిని తొలగించుటకును 24 నిమిషముల భాగమును కత్తిరించెను. రచయితలు న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. కత్తిరింపులవలన తమ కృతి తమది కాకుండ పోయినదని వారి వాదము. 1976లో అప్పీలు న్యాయస్థానము వారి పక్షము వహించెను. అర్థము లేనిదని పేరుపొందిన రచననుండి నాలుగవవంతు తీసివేసినచో ఏమి పోవునని అడుగవచ్చును. పోవునది కాలప్రమాణము, క్రమము, ఒక ఖండము మరొకదానిలోనికి ప్రవహించు తీరు. అర్థములేని వస్తువును కత్తిరించి చెరుపుట సాధ్యము కాదు. ఇది చెడినదన్నచో చెడదగిన రూప మొకటి దానికి ఉన్నదన్నమాట.

రూపము కలదని నిరూపించుటచేత నవ్వనివారి పక్షము ఓడిపోదు. వారి అభ్యంతరములలో రెండవది సామాజికమైనది. పైథాన్ బృందములో క్లీజ్, చాప్‌మన్, ఐడిల్ కేంబ్రిడ్జినుండియు, జోన్స్, పేలిన్ ఆక్స్‌ఫర్డునుండియు వచ్చినవారు. గిలియమ్ ఒక్కడు అమెరికావాడు. వీరు ఎగతాళి చేయు న్యాయమూర్తులు, సైనికాధికారులు, మంత్రులు, ప్రకటనకర్తలు, అందరును ఆ విద్యాలయముల పట్టభద్రులకు సుపరిచితులు. ధనిక కుటుంబపు మూర్ఖయువకుల క్రీడాపోటీ అను ఖండము ఆ వర్గమును లోపలినుండి ఎరిగినవారు మాత్రమే వ్రాయగలిగినది. ఇంటిగుట్టు ఎరిగినవాడు చేయు పరిహాసమున పదును హెచ్చు. కాని వెలుపలివాడు ఆ పరిహాసమును వినునపుడు, ఇది ఒక ఇంటివారు తమలో తాము నవ్వుకొనుట యని తోచును. నవ్వని ప్రేక్షకుడు హాస్యమును మాత్రమే కాక ఆ ఇంటిని కూడ నిరాకరించుచున్నా డనవచ్చును.

దీనికి తోడు, అభిమానుల ప్రవర్తన ఈ గోడను మరింత ఎత్తు చేసినది. పాఠశాలలలోను, కళాశాలలలోను బాలురు ఖండములను కంఠస్థము చేసి ఒకరికొకరు అప్పగించుకొనుట ఆచారమైనది. వాక్యము పూరింపగలవాడు గోష్ఠిలోనివాడు, పూరింపలేనివాడు బయటివాడు. ఇట్టి నవ్వు హాస్యమును చూచి పుట్టిన నవ్వు కాదు. తాను లోపల నున్నానను తృప్తినుండి పుట్టిన నవ్వు. భరతుడు హాస్యమును ఆత్మస్థము, పరస్థము అని విభజించెను: తానై నవ్వుట ఒకటి, ఇతరుని నవ్వించుట మరొకటి. ఇతరుడు నవ్వుట చూచి తనకును నవ్వు సంక్రమించుట రెండవదానిలోనిదేయని వ్యాఖ్యానించినవారు కలరు. అధివాస్తవిక హాస్యము చుట్టును ఏర్పడిన గోష్ఠులలో ఈ సంక్రమణము పాలు తక్కువ కాదు. ఈ మాటను దాని అభిమానులు ఒప్పుకొన్నచో నవ్వనివారితో వారి కలహము సగము తీరును.

అయినను, ఈ హాస్యము విశ్వవిద్యాలయవర్గపు సొత్తు అను నిర్ణయమును తరువాతి చరిత్ర త్రోసివేసినది. 1990లో ఛానల్ 4లో 'విక్ రీవ్స్ బిగ్ నైట్ అవుట్' మొదలైనది. విక్ రీవ్స్, బాబ్ మార్టిమర్ ఇరువురును ఇంగ్లండు ఈశాన్యప్రాంతమున పెరిగినవారు. వారి హాస్యమున మంత్రిత్వశాఖలు లేవు, తత్త్వవేత్తలు లేరు. పాటలకచేరీలు, ఊరివారి వినోదసభలు, మెరుపుల కోటు తొడిగి సభను నడుపు వ్యాఖ్యాత, ఇవియే వారికి ప్రకృతి. వీనినే వారు వికృతము చేసిరి. అర్థములేని వస్తువులను గొప్పగ ప్రదర్శించుట, బహుమానముకాని బహుమానములను ఇచ్చుట వారి పద్ధతి. ఇచటను ప్రేక్షకలోకము రెండుగ చీలినది. చీలిక వర్గరేఖ వెంట కాక, మరొకరేఖ వెంట సాగినది. పైథాన్‌ను ఆరాధించిన విద్యావంతులు కొందరు దీనిని చూచి, ఇందులో నవ్వవలసిన దేమున్నదని అడిగిరి. పూర్వము తమ తండ్రులు తమను అడిగిన ప్రశ్నయే అది. చీలికకు విద్య కారణము కాదు. ఏ ప్రకృతి తనదో అనునదే కారణము.

నవ్వును ఎవరు సూచింపవలెననునది ఈ చరిత్రలో మరొక చిక్కు. టెలివిజన్ హాస్యములలో సమక్షమున నున్న ప్రేక్షకుల నవ్వు వెనుకనుండి వినబడుట పరిపాటి. ఇంటిలో ఒంటరిగ నున్నవానికి అది అనుమతిపత్రము వంటిది. 1999లో బి.బి.సి. రెండవశ్రేణిలో మొదలైన 'ది లీగ్ ఆఫ్ జెంటిల్‌మెన్' రాయ్‌స్టన్ వేసీ అను కల్పితగ్రామపు వికృతజీవనమును చూపెను. మొదట దానిలో నవ్వు వినబడుచుండెను. 2002 నాటి మూడవ విడతలో దానిని తొలగించిరి. క్రిస్ మారిస్ 2000లో ఛానల్ 4లో నిర్మించిన 'జామ్'లో నవ్వు లేకపోవుటయే గాక, దృశ్యములు, ధ్వనులు కలలోవలె మసకబారి యుండెను. ఇట్టివానిని చూచువాడు తాను నవ్వవలెనో, భయపడవలెనో తానే నిర్ణయించుకొనవలెను. హాస్యమునకును బీభత్సమునకును నడుమనున్న గోడ ఎంత పలుచనిదో ఇవి చూపినవి. అందుచేతనే వీనిని ద్వేషించువారి ద్వేషమున భయము కూడ కలసియున్నది.

భారతదేశపు పాఠకునకు ఈ మార్గము పూర్తిగ క్రొత్తది కాదు. కబీరు ఉలటబాంసీలలో లోకధర్మములు తలక్రిందులగును. భారతేందు హరిశ్చంద్రుడు 1881లో వ్రాసిన 'అంధేర్ నగరీ'లో గోడ కూలి మేక చచ్చినందుకు నేరము ఒకనినుండి ఒకనికి బదిలీయై, ఉరిత్రాటికి సరిపోవు మెడకై వెదకులాట జరిగి, తుదకు రాజే స్వర్గాశతో ఉరికంబమెక్కును. ఒక అసంభవము, పిమ్మట కఠినతర్కము, ఇదియే కెరాల్ మార్గము. ఇంగ్లండున ముద్రణవిద్య నభ్యసించి వచ్చిన సుకుమార్ రాయ్ వ్రాసిన 'ఆబోల్ తాబోల్' 1923లో, అతడు మరణించిన కొలదిదినములకే, వెలువడినది. లియర్ ప్రచారములోనికి తెచ్చిన లిమరిక్కును శ్రీశ్రీ తెలుగున పలికించెను. 'సిప్రాలి' అను అతని గ్రంథనామమున చివరి అక్షరము ఆ లిమరిక్కులకే చెందినది. కాని ఒక భేదమును మరువరాదు. ఉలటబాంసీ విని అర్థము కానివానికి, దీనికి అర్థము కలదు, గురువు నడుగుమని సంప్రదాయము చెప్పును. అంధేర్ నగరీ చూచినవానికి పాలకుని అవివేకము అర్థముగ లభించును. పైథాన్ తాళపుచెవి చూపదు. తాళమే లేదని చెప్పును. అర్థము కానివానికి ఊరట గాని, అర్థమైనవానికి ఫలము గాని లేదు. భక్తిసాహిత్యమున పెరిగిన మనస్సునకు ఇది మింగుడుపడుట కష్టము.

ఈ హాస్యమును పొగడుచు దాని మీద పడిన ఒక నీడను దాచిపెట్టుట న్యాయము కాదు. గూన్ ప్రదర్శనమున బెనర్జీ, లాల్‌కాకా అను ఇద్దరు భారతీయులు కనిపించుచుందురు. వారి ఉచ్చారణయే అచట నవ్వునకు కారణము. పలుకువారు మిల్లిగన్, సెల్లర్స్‌లు. 1969 నవంబరులో, అనగా పైథాన్ మొదలైన మరుసటి నెలలోనే, జానీ స్పైట్ వ్రాసిన 'కర్రీ అండ్ చిప్స్' అను కార్యక్రమమున మిల్లిగన్ ముఖమునకు రంగు పూసికొని పాకిస్తానీ సంతతి కార్మికునిగ నటించెను. వర్ణద్వేషమును ఎగతాళి చేయుటయే ఉద్దేశమని సమర్థించిరి. ఆరు భాగములు ప్రసారమైన తరువాత నియంత్రణసంస్థ దానిని నిలుపుదల చేయించెను. అహమ్మద్‌నగరమున పుట్టి హిందుస్తానీ పలుకుల నడుమ పెరిగినవాని చేతిలో ఆ పలుకు బొమ్మ అయినది. సైనికాధికారి గొంతును వికృతము చేసినపుడు అధికారము చిన్నబోయెను. వలసవచ్చిన కార్మికుని గొంతును వికృతము చేసినపుడు ఎవరు చిన్నబోయిరి? ఆనాడు బర్మింగ్‌హామ్‌లోనో, బ్రాడ్‌ఫర్డులోనో ఆ కార్యక్రమము చూచి నవ్వని దక్షిణాసియా కుటుంబమునకు హాస్యప్రియత్వము లేదనుట అవివేకము. వారికి ఆ ప్రకృతి తెలిసినంతగ మరెవరికిని తెలియదు. అందుచేతనే వికృతిలోని అసత్యము వారికి కనబడినది. 1998లో బి.బి.సి. టెలివిజన్‌లో 'గుడ్‌నెస్ గ్రేషస్ మి' ద్వారా మీరా సయాల్, సంజీవ్ భాస్కర్, నీనా వాడియా, కుల్విందర్ ఘీర్ ఆ అద్దమును వెనుకకు త్రిప్పిరి. భారతీయులు ఇంగ్లీషు భోజనశాలకు పోయి, త్రాగి, అతి చప్పనైన వంటకమును కోరు ఖండము తరతరముల బాకీని ఒక్క పూటలో తీర్చినది.

కావున నవ్వనివారందరు ఒక్క జాతివారు కారు. ప్రకృతి తెలియక నవ్వనివాడు ఒకడు. అతనికి కాలము, పరిచయము చాలును. గాయపడి నవ్వనివాడు మరొకడు. అతని మౌనమే ఒక విమర్శ. 1979లో పైథాన్ బృందపు చలనచిత్రము 'లైఫ్ ఆఫ్ బ్రయన్' విడుదలైనపుడు, ఆ నవంబరున బి.బి.సి.లో క్లీజ్, పేలిన్‌లకును, మాల్కమ్ మగరిడ్జ్, సదర్క్ బిషప్ మెర్విన్ స్టాక్‌వుడ్‌లకును వాదము జరిగెను. అచట ఒక పక్షమువారు విశ్వాసమును గురించియు, మరొక పక్షమువారు విశ్వాసపు సంస్థలను గురించియు మాటలాడిరి. ఇరువురును వేరు వేరు ప్రకృతులను మనస్సున ఉంచుకొనిరి. ఇక మూడవవాడు కలడు: అంతయు తెలిసి, గాయపడక, కేవలము విసుగుచెంది నవ్వనివాడు. అభిమానులు ఎక్కువగ అన్యాయము చేయునది ఇతనికే. ముగింపు లేకుండ వదలుట ఒకమారు సాహసము. పదిమార్లు చేసినచో సోమరితనము. పైథాన్ 45 భాగములలో బలహీనమైన ఖండములు తక్కువ కావు. అసంభవమును ప్రతిపాదించి, దానిని తర్కముతో నడిపింపజాలక, కేకలతో నింపిన ఘట్టములు అనేకము. విసుగుచెందినవాడు ఈ తారతమ్యమును గుర్తించును, భక్తుడు గుర్తింపడు.

కాలము ఈ హాస్యముతో ఒక విచిత్రమైన ఆట ఆడినది. 1970లో ఒక ఖండమున భోజనశాలలోని దాదాపు ప్రతి వంటకమున స్పామ్ అను డబ్బామాంసము కలసియుండి, ఆ పేరు విసుగు పుట్టునట్లు మరల మరల వినబడినది. అవాంఛిత విద్యుల్లేఖలకు ఆ పేరే నేడు లోకమంతట నిలిచినది. గీదో వాన్ రాసమ్ 1991లో వెలువరించిన గణనయంత్రభాషకు ఈ బృందముమీది ప్రీతితో పైథాన్ అని పేరు పెట్టెను. హైదరాబాదులో ఆ భాషను అభ్యసించు తెలుగు యువకులలో అది కొండచిలువ పేరని తలచువారు పెక్కండ్రు. 2014 జూలైలో బృందములో మిగిలిన ఐదుగురు లండనులోని ఓ2 సభాస్థలిలో పది ప్రదర్శనములిచ్చిరి. చాప్‌మన్ 1989లోనే గతించెను. వేలకొలది ప్రేక్షకులు చచ్చిన చిలుక ఖండమును నటులకంటె ముందే పలుకుటకు సిద్ధమై వచ్చిరి. అలవాటును భగ్నము చేయుటకు పుట్టిన కళ తానే అలవాటైనది. ముగింపు చమత్కారమును బహిష్కరించినవారి ప్రతి వాక్యమును ప్రేక్షకులు ముగింపు చమత్కారముగ ఎదురుచూచిరి. వికృతి ప్రకృతిగ మారినది. అచట చీలిక లేదు, అందరును నవ్విరి. కాని ఆ నవ్వు భజనగోష్ఠిలోని ఆనందమువంటిది, ఆశ్చర్యమునుండి పుట్టినది కాదు.

దీనినిబట్టి ఒక నిర్ణయమునకు రావచ్చును. ఈ హాస్యము ప్రేక్షకులను చీల్చుట దాని లోపము కాదు, గొప్పదనమును కాదు. అది సజీవముగ నున్నదనుటకు గుర్తు. ఏ వ్యవస్థను అది వికృతము చేయుచున్నదో ఆ వ్యవస్థ ఇంకను బలముగ నున్నంతకాలము, దానిలో నిమ్మళముగ కూర్చున్నవారు నొచ్చుకొందురు, దాని క్రింద నలిగినవారు నవ్వుదురు, దానిని ఎరుగనివారు తెల్లబోవుదురు. ఆ వ్యవస్థ సడలిన నాడు అందరును నవ్వుదురు. అప్పుడది హాస్యచరిత్రలోనికి పోవును. అందుచేత విమర్శకుడు ఎందరు నవ్విరని లెక్కించుటకు మారుగ, నవ్వనివాడు ఎందుకు నవ్వలేదో అడిగి తెలిసికొనవలెను. ఆ సమాధానములలో కృతి యొక్క ప్రకృతి ఏది, దాని వికృతి ఎవరిమీద పడినది, ఆ వికృతిలో సత్యమెంత అను మూడును బయటపడును. నవ్వినవాని నవ్వు కృతి ఫలించినదని మాత్రమే చెప్పును; అది ఎచటివరకు ఫలించినదో చెప్పగలవాడు ప్రక్కన నవ్వక కూర్చున్నవాడే.